పాత పట్టుచీరలు బొటిక్‌లో పెట్టి అమ్మాలంటే

"అమ్మమ్మ చీరలు బీరువా నిండా ఉన్నాయండీ, బొటిక్‌లో పెడితే పోతాయా?" "కస్టమర్లు వింటేజ్ కావాలంటున్నారు, ఎక్కడ కొనాలి, ఎంతకి కొనాలి?" వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ రెండూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేసరికి నా గొంతు పోతోంది, సగం మర్చిపోతున్నాను కూడా. అందుకే ఒకచోట రాసిపెడుతున్నా. నాకు తెలిసింది పాత పట్టు, జరీ, చేనేత చీరలే. పాత జీన్సులు, జాకెట్ల వ్యాపారం వేరే లోకం, దాని జోలికి పోను.

ముందే ఒక మాట. చీర ఎంత పాతదైతే అంత ధర అనుకుని ఈ వ్యాపారంలోకి దిగకండి. 60 ఏళ్ళ చీర వెయ్యి రూపాయలకి కూడా పోకపోవచ్చు, 25 ఏళ్ళది పది వేలకి పోవచ్చు. మడత దగ్గర పట్టు ఇంకా బతికుందా, జివికిపోయిందా, ధరంతా అక్కడే ఉంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- తెల్ల దుప్పటి ఒకటి, అది పరవడానికి మంచమో పెద్ద బల్లో
- భూతద్దం, టేపు, సన్న సూది, చిన్న కత్తెర
- అగ్గిపెట్టె, స్టీలు పళ్ళెం
- ఉతికిన పాత నూలు పంచెలు, చీరలు చుట్టడానికి
- పొడుగు రిజిస్టరు పుస్తకం, దారంతో కట్టే అట్ట చీటీలు
- నమ్మకమైన రఫ్ఫు పనివాడి (చిల్లుని పోగులతో అల్లి కనపడకుండా పూడ్చేవాడి) ఫోన్ నంబరు. ఇది లేకుండా మొదలుపెట్టకండి

పెట్టుబడి సంగతి: మొదటి విడతలో 15 చీరలు చాలు. 50 చీరలతో మొదలుపెట్టినవాళ్ళు ఆరు నెలలకి నాకే ఫోన్ చేసి కొంటారా అని అడిగారు.

1. సరుకు తెచ్చుకోవడం

తెలిసిన ఇళ్ళ నుంచి తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచిది. చుట్టాలు, పాత కస్టమర్లు, ఇల్లు ఖాళీ చేసి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిపోతున్న పెద్దవాళ్ళు. అలాంటి ఇంట్లో చీరతో పాటు దాని కథ, పెళ్ళి ఫోటో, ఒక్కోసారి కొన్న బిల్లు కూడా దొరుకుతాయి.

"పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం" అని వీధిలో అరుస్తూ తిరిగేవాళ్ళు మీ పోటీదార్లు. వాళ్ళు చీరని చీరగా కొనరు. జరీ కరిగించి వెండి తీస్తారు. వెండి రేటు పెరిగినప్పుడల్లా వాళ్ళిచ్చే రేటూ పెరుగుతుంది. అసలు జరీ ఉన్న చీరకి మీరిచ్చే ధర వాళ్ళ కంటే తక్కువైతే బేరం తెగదు. అమ్మేవాళ్ళు ముందే వాళ్ళనడిగి ఆ అంకె బుర్రలో పెట్టుకునే మీ దగ్గరికి వస్తారు. మీరూ ఆ రేటు కనుక్కుని వెళ్ళండి.

డబ్బు ఎక్కువ లేకపోతే అమ్మిపెట్టే పద్ధతి చూడండి. చీర వాళ్ళదే, షాపు మీది, అమ్ముడయ్యాక వాటా. నేను 35 శాతం తీసుకుంటాను, గడువు 90 రోజులు. కాగితం మీద రాసి సంతకం పెట్టించండి. చెల్లెలైనా సరే.

2. చీర మొత్తం విప్పి చూడండి

మొత్తం అంటే మొత్తం. కొంగు చూపించి "ఒళ్ళంతా ఇలాగే ఉంటుందమ్మా" అంటే ఒప్పుకోవద్దు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. వంకాయ రంగు కంచి చీర, జానెడు జరీ అంచు. అమ్మే ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంటే విప్పి చూడటానికి మొహమాటపడి 9,000 ఇచ్చి తెచ్చాను. పాలిష్‌కి పంపితే ఎనిమిది మడతల దగ్గరా గీత గీసినట్టు చీలి తిరిగొచ్చింది. పాలిష్ చేసినవాడితో గొడవపడ్డాను గానీ, తప్పు అతనిది కాదు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉండి జివికిన పట్టు అది. ఎవరి చేతిలో పడ్డా చీలేదే.

ఇలా చూడండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. దుప్పటి మీద చీర పరిచి, ఒక మడత గీత మీద రెండు బొటనవేళ్ళూ అంగుళం ఎడంగా ఆనించి పక్కలకి మెల్లగా లాగండి. మంచి పట్టు కొద్దిగా సాగినట్టుండి వెనక్కొస్తుంది. జివికింది సాగదు. వేళ్ళ కింద ఎండుటాకులా సన్నగా చిటపటమంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే అక్కడితో ఆపేయండి, ఇంకా లాగితే వాళ్ళ చీర మీరు చింపినట్టవుతుంది. తర్వాత ఇద్దరు చెరో కొసా పట్టుకుని కిటికీ వెలుతురుకి అడ్డంగా ఎత్తండి. మడతల వెంట సన్నటి తెల్ల గీతలు కనిపిస్తే పోగులు తెగడం మొదలైనట్టే.

తప్పకుండా చూడవలసిన చోట్లు: కుచ్చిళ్ళు దోపే చోటు, కూర్చుంటే లాగబడే వెనక భాగం, భుజం మీద పిన్ను పెట్టే చోటు, బరువైన జరీ అంచు పల్చటి ఒంటిని కలిసే గీత, ఫాల్ కింద దాగిన భాగం. ఫాల్ ఒకచోట కొద్దిగా విప్పి లోపలికి చూడండి. మరకలు, చెమట, తుప్పు అన్నీ అక్కడ దాక్కుంటాయి.

కట్టుకునే చీరగా అమ్మాలంటే మడతల్లో ఒక్కటి కూడా చిటపటమనకూడదు. ఒకటి రెండు చోట్ల ఉంటే మరమ్మతు సరుకు. అంతకు మించితే ముక్కల సరుకు, దాని ధరే వేరు.

3. పట్టేనా? జరీ ఏది?

కొంగు చివర కుచ్చుల్లోంచి నిలువు పోగు ఒకటి, అడ్డపోగు ఒకటి విడివిడిగా తీసుకుని పళ్ళెంలో కాల్చండి. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన, నలిపితే పొడయ్యే నల్లబూడిద. నూలైతే కాగితం కాలిన వాసన, తెల్లటి బూడిద. పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. రెండు పోగులూ ఎందుకంటే నిలువు పట్టు, అడ్డం వేరేది వేసిన చీరలున్నాయి. అమ్మేవాళ్ళ అనుమతి లేకుండా మాత్రం కాల్చకండి.

అసలు జరీ అంటే పట్టుపోగు మీద వెండి తీగ చుట్టి పైన బంగారం పూత పూసింది. వెండిదే ఎక్కువ భాగం, బంగారం ఒక శాతం కూడా ఉండదు. తర్వాతి రకం రాగి తీగకి వెండి పూత వేసింది, వ్యాపారంలో టెస్టెడ్ జరీ అంటారు. ఆఖరిది ప్లాస్టిక్ జరీ. జరీపోగుని గోరుతో గీరితే లోపలి దారం బయటపడుతుంది. ఎర్రగా ఉంటే అసలు జరీ అని అందరూ చెబుతారు. ఆ మాట సగమే నమ్మండి, నకిలీలోనూ దారానికి ఎర్ర రంగు వేస్తారు. వెండి జరీ పాతబడితే సమానంగా నల్లబడుతుంది. రాగిది ఎర్రబారుతుంది, తేమ తగిలితే పచ్చగా చిలుము పడుతుంది. ప్లాస్టిక్‌ది పొట్టు లేచిపోతుంది, కాలిస్తే ముద్దవుతుంది.

పెద్ద మొత్తం పెట్టేటప్పుడు అనుమానం తీరకపోతే, బంగారం పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ ఉన్న చోటికి తీసుకెళ్ళండి. అంచు కోయక్కర్లేదు, మెషిన్ మీద పెడితే వెండి ఎంత, రాగి ఎంత అనేది చెబుతుంది.

4. ఏ ఊరిది, ఎప్పటిది?

ఊరు చెప్పలేకపోతే కస్టమర్ నమ్మదు. తప్పు ఊరు చెబితే ఇంకోసారి రాదు. జరీ కనిపిస్తే కంచి అనేసే అలవాటు మానండి. మన ధర్మవరం చీరలు ఎన్ని కంచి పేరుతో అమ్ముడైపోయాయో!

పాత గద్వాల ఒళ్ళు ఎక్కువగా నూలే, అంచూ కొంగూ పట్టు. రెంటినీ పోగుకి పోగు మెలేసి కలిపే కుప్పడం నేత. అంచు కలిసే గీత మీద వెనకవైపు వేలు రాస్తే ఆ కలయిక గరుకుగా తగులుతుంది. ఉప్పాడ జాందానీలో బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వెనక పోగులు వేలాడవు. పోచంపల్లిలో పోగుకే రంగు అద్ది నేస్తారు కాబట్టి వెనకవైపూ అంతే రంగు, డిజైన్ అంచులు కొద్దిగా అలుక్కున్నట్టుంటాయి. ఎంత నీటుగా గీతలుంటే అంత అనుమానించండి. వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గుడ్డ. వెంకటగిరి నూలు చీర చేతిలో బరువు తెలియదు.

వయసుకి వస్తే, చీరని చూసి సంవత్సరం చెప్పేవాళ్ళని నేను నమ్మను. కాగితాలు చూస్తాను. బిల్లులో అణాలు ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కి ముందు. షాపు పెట్టె మీద పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాత. సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే 2004 తర్వాత. అన్నిటికంటే గట్టి సాక్ష్యం పెళ్ళి ఫోటో. ఫోటోలో పెళ్ళికూతురు కట్టుకున్నది ఈ చీరే అయితే, శుభలేఖ మీద తేదీ నాటికి ఆ చీర ఉన్నట్టే. ఫోటోని ఫోన్లో తీసుకోవడానికి, కస్టమర్‌కి చూపించడానికి అనుమతి అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. ఏ ఆధారమూ లేకపోతే చీటీ మీద "సుమారు 30 ఏళ్ళు, అమ్మినవారు చెప్పిన ప్రకారం" అని రాయండి.

5. కొనేటప్పుడు అడిగి రాసుకోవలసింది

రిజిస్టరులో నంబరు, తేదీ, ఎవరి దగ్గర, ఎంతకి, పొడుగు, వెడల్పు, లోపాలు రాయండి. పొడుగు తప్పకుండా కొలవాలి. పాత చీరల్లో చాలావాటికి జాకెట్టు గుడ్డ ఉండదు, ఉన్నా ఎప్పుడో కోసేసి కుట్టించుకుని ఉంటారు. తొమ్మిది గజాల చీరలు కూడా వస్తుంటాయి. వెడల్పు 44 అంగుళాలే ఉంటే పొడుగరి కస్టమర్‌కి మడమలు కనిపిస్తాయి. ఇవన్నీ బిల్లు వేశాక బయటపడితే గొడవే.

ఇంకొకటి, అందరూ నీళ్ళు నమిలే విషయం. మన దగ్గర కస్టమర్ గొంతు తగ్గించి అడిగే మొదటి ప్రశ్న, "పోయినవాళ్ళదా అండీ?" అని. కొందరికి పట్టింపు, కొందరికి అస్సలు లేదు. మా అమ్మమ్మ చీర కట్టుకుంటే ఆవిడ పక్కనున్నట్టు ఉంటుందనే అమ్మాయిలూ వస్తారు. మీరు అమ్మేవాళ్ళని నెమ్మదిగా అడిగి రిజిస్టరులో రాసుకోండి. కస్టమర్ అడిగితే ఉన్నది చెప్పండి. అడగకపోతే మీరై చెప్పనక్కర్లేదు. అబద్ధం మాత్రం ఆడకండి. ఊళ్ళో చీర చూసి గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు. ఒక పెళ్ళిలో "ఇది మా పెద్దమ్మ చీర కదూ" అన్న మాట మీ షాపుని ముంచేయగలదు.

ఇంటావిడ చీర అమ్మి మర్నాడే మనసు మార్చుకోవడం కూడా మామూలే. నేను వారం రోజులు చీరని షాపులో పెట్టను. ఆలోపు వస్తే అదే ధరకి తిరిగిచ్చేస్తాను.

6. శుభ్రం, మరమ్మతు

ఇక్కడ తొందరే శత్రువు. కలరా ఉండల వాసనకి డ్రైవాష్ అక్కర్లేదు. నీడలో, ఫ్యాను కింద మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి, రోజూ తిరగేయండి. చాలా చీరలకి ఇది చాలు. ఎండలో వద్దు, రంగు తేడా వచ్చేస్తుంది. బూజు ఉంటే ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. మిగతా చీరల పక్కన దులిపితే అన్నిటికీ అంటుతుంది.

మరక ఉంటే ముందు రంగు దిగుతుందో లేదో చూడండి. తెల్ల గుడ్డ తడిపి, పిండి, లోపలి కొస మీద అర నిమిషం ఒత్తిపెట్టండి. గుడ్డకి రంగు అంటితే ఆ చీరకి నీళ్ళు తగలనివ్వద్దు. అంటకపోతే, జరీ లేని పట్టుని, తక్కువ జరీ ఉన్నదాన్ని కుంకుడుకాయ నురుగుతో, చన్నీళ్ళలో, పిండకుండా జాడించవచ్చు. బరువు జరీ అయితే డ్రైవాషే. నల్లబడిన జరీకి నిమ్మకాయ, చింతపండు, టూత్‌పేస్టు రాసి తోమకండి. ఇత్తడి చెంబు కాదది. ఉన్న పూత కూడా పోతుంది. నలుపుని నలుపుగానే అమ్మండి, దానికోసం వెతికేవాళ్ళున్నారు.

కొసల్లో ఉండే పసుపు బొట్లని తీయించకండి. పెళ్ళికో పేరంటానికో పెట్టినవి. తుప్పు మరక మాత్రం దాదాపు పోదు, ధర తగ్గించుకోండి.

చిన్న చిల్లుకి రఫ్ఫు. అదే చీర లోపలి కొసలోంచి తీసిన పోగుతో చేయమనండి, బజారు దారంతో వద్దు. చీలిక పొడుగ్గా ఉంటే వెనక సన్న నెట్ వేయించాలి, రంగు కలవాలి. చరక్, రోల్ పాలిష్ (చీరని బిగువుగా, మెరిసేలా చేసే పని) ఆఖరున. రెండో అంచెలో చిటపటమన్న చీరకి అసలే వద్దు.

ఎలా చెక్ చేయాలంటే, పని అయ్యాక చీరని మీరే ఒకసారి కట్టుకుని, కుర్చీలో పదిసార్లు కూర్చుని లేవండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నా. రఫ్ఫు నిలిచిందా, నెట్ పట్టుకుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. విప్పాక మళ్ళీ కిటికీ వెలుతురులో ఎత్తి చూడండి.

7. ధర

ఒక చీర లెక్క చూపిస్తాను. కొన్నది 4,000. డ్రైవాష్ 400, రఫ్ఫు, నెట్ 900, కొత్త ఫాల్ 150. మొత్తం 5,450. దీని మీద అద్దె, కరెంటు, నెలలు నిలవ ఉండే నష్టం, నా కూలీ. 9,000 కంటే తక్కువకి ఇస్తే నాకు గిట్టదు.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూడాలి. అదే ఊరి, అదే రకం కొత్త చేనేత చీర ఇవాళ ఎంత? మంచి స్థితిలో ఉన్న పాతది దానిలో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా పలుకుతుంది. మరమ్మతు చేసినది మూడో వంతు. కొత్తది 15,000 అయితే, నా రఫ్ఫు చీర 9,000కి పోదు, 5,000 దగ్గర ఆగుతుంది. అంటే నేను 4,000కి కొనడమే తప్పు. ఈ లెక్క కొన్నాక కాదు, కొనకముందు వేసుకోవాలి. మరమ్మతు ఖర్చు ఎప్పుడూ కొనుగోలు బేరంలోంచే తగ్గాలి.

ఈ కొలతకి లొంగని చీరలు కొన్నుంటాయి. ఇప్పుడెవరూ నేయని డిజైను, ఇప్పుడెవరూ వేయనంత అసలు జరీ. వాటికి కొత్తదాని కన్నా ఎక్కువ అడగండి, ఆగండి. ఏడాది ఆగినా ఫర్వాలేదు.

8. చీటీ

లోపాన్ని కస్టమర్ వెతికి పట్టుకుంటే బేరం మొదలవుతుంది. మీరే రాసి ఉంచితే బేరం సగం ఆగిపోతుంది. మా షాపులో ఒక చీటీ ఇలా ఉంటుంది:

*నం. 47. గద్వాల. ఒళ్ళు నూలు, అంచు, కొంగు పట్టు. జరీ వెండిది, కొద్దిగా నల్లబడింది. 1984 పెళ్ళి చీర (ఫోటో ఉంది). పొడుగు 5.4 మీటర్లు, వెడల్పు 46 అంగుళాలు. జాకెట్టు గుడ్డ లేదు. కుచ్చిళ్ళలో ఒక రఫ్ఫు, కడితే కనిపించదు. కింది అంచులో చిన్న నూనె మరక, పోలేదు. రూ. 6,800.*

చీటీని కుచ్చు ముడికి దారంతో కట్టండి. పిన్నుతో, స్టేప్లర్‌తో వద్దు, తుప్పు దిగుతుంది.

9. షాపులో

బరువు జరీ చీరల్ని హ్యాంగర్‌కి వేలాడదీయకండి, ఒక్క గీత మీద బరువంతా పడి అక్కడే చీలుతుంది. మడత గీత మారుస్తూ వదులుగా మడిచి, నూలు పంచెలో చుట్టి అలమరలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు, తేమ పడుతుంది. కలరా ఉండలు, సెంటు జరీకి తగలనివ్వద్దు. పురుగులకి వేపాకో లవంగాలో మూటగట్టి పక్కన పెడితే సరి. ఎండ పడే అద్దాల కిటికీలో బొమ్మకి కట్టాలనిపిస్తే మరమ్మతు సరుకులోంచి ఒకటి కట్టండి, మంచిది కాదు.

ఒకసారికి మూడు చీరలకి మించి విప్పకండి. గుట్ట పోస్తే పాత బట్టల అంగడిలా కనిపిస్తుంది, దాంతో బేరం కూడా అలాగే సాగుతుంది. కస్టమర్ కట్టి చూసుకుంటానంటే కట్టనివ్వండి, పిన్నులు లేకుండా, మీరు పక్కనుండి. రంగుని గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూపించండి. జాకెట్టు సంగతి అప్పుడే మాట్లాడండి. చీర నచ్చినా, నప్పే జాకెట్టు గుడ్డ లేక వెనక్కి పెట్టేసినవాళ్ళు నాకు చాలామంది తగిలారు. ఇప్పుడు నూలు, పట్టు జాకెట్టు గుడ్డలు 20 రంగులు దగ్గర పెట్టుకున్నాను, వాటి మీదా నాలుగు డబ్బులు.

10. బిల్లు, పన్ను, ఒక చట్టం

బిల్లు మీద చీటీలో ఉన్న లోపాలన్నీ మళ్ళీ రాయండి, "చూసి తీసుకున్నాను" అని సంతకం తీసుకోండి.

సరుకు వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. రిజిస్టర్ అయినవాళ్ళకి వాడిన వస్తువుల కోసం మార్జిన్ పద్ధతి ఉంది. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మీ పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకపోతే, అమ్మిన ధరకీ కొన్న ధరకీ ఉన్న తేడా మీదే పన్ను. చిన్న మరమ్మతు ఫర్వాలేదు గానీ వస్తువు స్వరూపం మారకూడదు. చీర కోసి లెహంగా కుట్టారంటే ఈ లెక్క వర్తించదు. కొనుగోలు రిజిస్టరు సరిగ్గా లేకపోతే తేడా చూపించలేరు, ఈ విషయం మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

వందేళ్ళు దాటిన చేతిపని వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటివాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించకూడదు. ముత్తవ్వ నాటిదని ఎవరైనా తెస్తే, డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో ఎవరైనా బేరమాడినా, కొరియర్ చేయకండి. నేనైతే వాటిని కొననే కొనను, ఇంట్లోనే దాచుకోమంటాను.

మూడు నెలలకి లెక్క చూసుకోండి

రిజిస్టరు తీసి, 90 రోజులు దాటినా కదలని చీరల పక్కన టిక్కు పెట్టండి. ఎంతమంది విప్పించుకున్నారు, ఏం అని వెనక్కిచ్చారు? విప్పించుకుని వదిలేస్తుంటే ధరో, రఫ్ఫో. అసలు ఎవరూ విప్పించుకోకపోతే రంగో, పెట్టిన చోటో. చోటు మార్చి ఇంకో నెల చూడండి. తర్వాత పది శాతం తగ్గించండి.

అప్పటికీ పోకపోతే, ఒళ్ళు జివికి అంచు గట్టిగా ఉన్న చీరలైతే కోయించండి. అంచు కొత్త లంగా ఓణీకి, కొంగు దుపట్టాకి, మిగిలిన మంచి ముక్క చిన్నపిల్లల పరికిణీకి వస్తాయి. ఒళ్ళు బాగున్న చీర మీద మాత్రం కత్తెర పెట్టకండి. మళ్ళీ పంచెలో చుట్టి, మడత మార్చి, దసరా దాకా ఆగండి.